స్టాపులో నిలబెట్టినవాడు

మార్చి 4

బొమ్మలు గీసుకునే బావమరిదికి,

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. ఆ ఇంకొకడు ఎవడో నీ ఉత్తరం చదివాక తెలిసింది. మేం క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టే అలవాటు ఈసారికి మానుకుంటున్నాను. సగం అబద్ధం రాయడానికి కాగితం దండగ.

ఐదారేళ్ల పిల్లలకు యుద్ధమంటే ఏమిటో అర్థమయ్యేలా బొమ్మల పుస్తకం వేస్తున్నావట. నా అనుభవాలు కావాలట. కింద ప్రశ్నలు కూడా వేశావు. ఇల్లు వదిలినప్పుడు కళ్ల ముందు ఏ రంగు ఉంది? ఏ వాసన వచ్చింది? దారిలో మనసుకు హాయినిచ్చిన విషయం ఒకటి చెప్పు బావా. చెబుతాను, రాసుకో. రంగు బూడిద. వాసన, నలభైమంది పట్టే బస్సులో ఎనభైమంది ఎక్కితే వచ్చేది. హాయినిచ్చింది డీజిలు ట్యాంకు నిండుగా ఉండటం. దీనికి బొమ్మ వేసుకో.

మేమున్నది ఒక బడిలో ఆటల హాలు. నేలంతా ఆటల గీతలు. ఎర్ర గీతకీ పసుపు గీతకీ మధ్య ఉన్న జాగా మా ఇల్లు. వాలీబాల్ నెట్టు మీద దుప్పట్లు ఆరేసి గోడలు చేసుకున్నాం. మీ అక్క రోజూ పసుపు గీత దాకా ఊడ్చి ఆగిపోతుంది, అవతల పక్కవాళ్ల ఇల్లు కాబట్టి. ముప్ఫై ఏళ్లు బస్సు తోలి నేను కట్టుకున్న ఇంటికన్నా దీన్ని శుభ్రంగా ఉంచుతోంది.

మెడలో గుర్తింపు బిళ్లలు వేసుకుని మా మనసులు బాగుచేసేవాళ్లు వస్తుంటారు. మొన్న ఒకావిడ పిల్లలందరినీ కూర్చోబెట్టి ఇల్లు గీయమంది. మన మనవరాలు కండక్టరమ్మ బస్సు గీసింది. "ఇల్లు గీయమ్మా" అంది ఆవిడ. "ఇదే" అంది మనది. ఆవిడ కళ్లు తుడుచుకుంది. ఏడవడానికేముంది అందులో? తల్లి పురిట్లోనే పోతే తండ్రి ఆ పిల్లని ఇంజను పక్క సీట్లో పెట్టుకుని పెంచాడు. ఇల్లంటే బస్సే గీస్తుంది. ఇంకొకాయన బస్తాడు ఎలుగుబంటి బొమ్మలు తెచ్చి పోశాడు. హాలు మొత్తానికి గోళ్లు కత్తిరించుకునే సాధనం ఒక్కటి లేదు. మింగ మెతుకు లేదుగానీ మీసాలకు సంపెంగ నూనె.

ఈ హాలుకొక అధికారి ఉన్నాడు. నీళ్ల బండి రాదని పొద్దున్నే తెలిసినా చెప్పడు. చెబితే జనం గొడవ చేస్తారట. బిందెలు పట్టుకుని అందరం మధ్యాహ్నం దాకా నిలబడతాం. మా డిపోలో కంట్రోలరు గుర్తున్నాడా నీకు? బస్సు రద్దయిందని తెలిసీ స్టాపులో జనానికి చెప్పేవాడు కాదు. చంకలో పిల్లలతో ఆడవాళ్లు, కర్ర పట్టుకున్న ముసలివాళ్లు ఎండలో అలా చూస్తూ నిలబడేవారు. దొంగనైనా క్షమిస్తానుగానీ అలాంటివాణ్ణి క్షమించను. రిటైరయ్యేదాకా వాడితో మాట్లాడలేదు, ఒక చూపు చూసి వెళ్లిపోయేవాణ్ణి. ఈయన వాడికి తమ్ముడిలా ఉన్నాడు.

కండక్టరమ్మ నా పక్కనే కూర్చుని రాసిన ప్రతి ముక్క కిందా వేలు పెట్టి చదువుతోంది. మెడలో ఈల అలాగే ఉంది. చిత్తుకాగితాలు చింపి టికెట్లు చేసింది. భోజనాల వరసలో టికెట్టు లేనివాణ్ణి ముందుకు పోనివ్వదు, అధికారినైనా సరే. ఇప్పుడు "నాన్న సంగతి రాయి" అంటోంది. రాస్తున్నాను. నీ మేనల్లుడు డబుల్ డ్యూటీలో ఉన్నాడు. మమ్మల్ని ఇక్కడ దింపి, మిగిలినవాళ్లని తేవడానికి మళ్లీ వెనక్కి వెళ్లాడు. డబుల్ డ్యూటీ అంటే మా ఇంట్లో ఏమిటో నీకు తెలుసు. కంచం మీద మూత పెట్టి, తలుపు గొళ్లెం వేయకుండా పడుకోవడం. లేటవుతుంది, కానీ వస్తాడు. ఈ కండక్టరమ్మ రోజూ సాయంత్రం ఆ బస్సు మమ్మల్ని దింపిన గేటు దగ్గర నిలబడుతోంది.

నీ ప్రశ్నల్లో సగానికి జవాబు రాలేదు. పాస్ మార్కులు వేసుకో.

బావ

మార్చి 15

బావా,

నీ తిట్లు అందాయి. నువ్వు ఈ మాత్రం తిడుతున్నావంటే ఒంట్లో బాగానే ఉందని అర్థం. అక్కకి చెప్పు, ఉత్తరం చదివి నవ్వానని. తర్వాత ఏం చేశానో చెప్పకు.

మా వీధి చివర బడి ఉంది. మీ వైపునుంచి వచ్చిన పిల్లలు కొందరు అందులో చేరారు. ఒకరోజు బెల్లు కొట్టాక అటుగా వెళ్తున్నాను. కొత్తగా వచ్చిన పాప చుట్టూ మా పిల్లలు మూగారు. "బాంబు చూశావా? ఎలా మోగుతుంది? ఒకసారి చేసి చూపించు" అంటున్నారు. ఆ పాప నోటితో చేసి చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. మర్నాడూ అడిగారు, మర్నాడూ చేసింది. ఇప్పుడు ఎవరూ అడక్కపోయినా చేస్తోంది, ఎందుకంటే అప్పుడే దాన్ని ఆటలో చేర్చుకుంటున్నారు. అది చూశాకే ఈ పుస్తకం వేద్దామనుకున్నాను. చుట్టకు నిప్పు కోసం కాదు.

నాకూ చేతులు కట్టేసి ఉన్నాయి. మా సంపాదకురాలు ముందే చెప్పింది. తుపాకీ కనబడకూడదు, ఎవరూ చావకూడదు, చివరి పేజీలో సూర్యుడు ఉండి తీరాలి. మనుషుల బదులు జంతువులైతే మంచిదంది. అందుకని కుందేళ్లు పెట్టాను. కుందేళ్ల ఊరి మీదకి ఒక పెద్ద నల్లమబ్బు వస్తుంది, అవి ఊరు వదిలి వెళ్తాయి. నువ్వు నవ్వుతావని తెలుసు. కానీ ఐదేళ్ల పిల్ల పుస్తకం మూశాక నిద్రపోవాలి కదా బావా. నేను గీసింది చూసి ఎవరూ పక్క తడపకూడదు. అది కూడా ఒక పనే.

నీ ఉత్తరంలోంచి బస్సు మాత్రం దొంగిలిస్తున్నాను. డ్రైవరు కుందేలు మన మేనల్లుడే. వాడు ఈ మధ్య ఏ రూటులో తిరుగుతున్నాడు? రెండు ముక్కలు రాసే తీరిక కూడా లేదా? డ్యూటీ దిగాక మామయ్యకి ఒక కార్డు పడెయ్యమను. చిన్నప్పుడు నా రంగులన్నీ తొక్కి ఇల్లంతా పాదాలు వేసినవాడు, ఇప్పుడింత పెద్దమనిషయ్యాడా.

మీ నలుగురికీ ఈ దేశంలోకి రావడానికి పర్మిట్లకు అర్జీ పెట్టాను. మేడ మీద గది ఖాళీ చేశాను. రంగుల డబ్బాలు వంటింట్లోకి చేరాయి, నిన్న పప్పుల డబ్బా అనుకుని పసుపురంగు పొడి తీశాను. రండి.

నీకు పాస్ మార్కులేసిన
బావమరిది

మార్చి 27

కుందేళ్ల కాపరికి,

కుందేలు బస్సు తోలుతుందా? దాని కాలికి క్లచ్ అందుతుందా? చెవులు అద్దానికి అడ్డం రావూ? నువ్వు జన్మలో బస్సు ముందు భాగంలో కూర్చోలేదని ఆ ఒక్క ముక్కతో తేలిపోయింది.

ఎవరూ చావని యుద్ధం. తడవని వరద లాంటిదన్నమాట. మీ సంపాదకురాలికి నా నమస్కారాలు చెప్పు. ఆవిడను ఇక్కడికి వచ్చి ఒక్కపూట మా ఎర్ర గీత మీద కూర్చోమను. చివరి పేజీలో సూర్యుడుంటే సరిపోతుందని ఎవరు చెప్పారో ఆవిడకి. నల్లమబ్బట. దారిన పోయే మబ్బు మీద నేరం తోసేస్తే ఎవడికీ పూచీ లేదు. నేల మీద ఉన్నవాళ్లంతా బంగారుకొండలు, తప్పంతా ఆకాశానిది. పిల్లలకు చెప్పేది ఏదైనా ఉంటే నిజం చెప్పు, చేతకాకపోతే అంకెలు నేర్పే పుస్తకం వేసుకో. ఒకటి, రెండు, మూడు. అందులో అబద్ధం ఉండదు.

ఆ పాప సంగతి మాత్రం చదివి పక్కన పెట్టలేకపోయాను. మీ అక్క రెండుసార్లు చదివించుకుంది. దానికి పుస్తకం అక్కర్లేదు. మీ బడి పిల్లలకు నా మాటగా చెప్పు. కిక్కిరిసిన బస్సులో కొత్తమనిషి ఎక్కితే కూర్చున్నవాళ్లు ఏం చేస్తారు? ఎక్కడినుంచి వచ్చావు, ఎందుకొచ్చావు, ఏం చూశావు అని అడగరు. కాస్త జరుగుతారు. ఆ బల్ల మీద జరిగి కూర్చోమను. అంతకుమించి ఎవరినీ ఏమీ అర్థం చేసుకోమనడం లేదు.

పర్మిట్ల సంగతి. ఇక్కడ బడి మళ్లీ తెరుస్తారట, మే నెల సగానికల్లా హాలు ఖాళీ చెయ్యాలట. ఎక్కడికి పోవాలో అధికారి చెప్పడు, అది వేరే సంగతి. కానీ కండక్టరమ్మ కదలనంటోంది. "మనం వెళ్లిపోతే నాన్న బస్సు ఖాళీ స్టాపుకొస్తుంది తాతా" అంటోంది. "అలా దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ లేకపోతే నాన్నకి బాధేస్తుంది" అంటోంది. ఎత్తుకెళ్దామంటే గేటు ఊచలు పట్టుకుని వదలదు. నిన్న నేను ప్రయత్నించాను. చెయ్యి కొరికింది. ఆ సంగతి నేను చూసుకుంటాను, నువ్వు తొందరపెట్టకు.

నీ మేనల్లుడికి కార్డు రాసే తీరిక లేదు.

మీ అక్క నాతో మాట్లాడటం తగ్గించింది. కారణం అడక్కు. కండక్టరమ్మ పక్కనుంచి చదువుతోంది.

ఇప్పుడొక జోకరు కూడా వస్తున్నాడు. ముక్కుకి ఎర్ర బంతి. మూడు బంతులు ఎగరేసి రెండు పట్టుకుంటాడు. చదువుకున్న మనిషేనట, పాపం.

బావ

ఏప్రిల్ 9

బావా,

ఆ బింకం ఇంకా పోలేదా నీకు? అక్క ఎందుకు మాట్లాడటం లేదో నాకు తెలీదనుకున్నావా? బావమరిది ఇంట్లో ఉండటం నీకు నామోషీ. ఒకరి పంచన చేరడమేమిటని కూర్చుని ఉంటావు, పిల్ల రానంటోందని దాని మీద తోస్తున్నావు. ఆరేళ్ల పిల్లని అడ్డం పెట్టుకోవడం నీకు తగదు. పెళ్లయిన కొత్తలో మా ఇంటికొచ్చి మూడు రోజులకే "డ్యూటీ ఉంది" అని పారిపోయేవాడివి, అప్పటినుంచీ చూస్తున్నాను నిన్ను.

మంచి వార్త. పర్మిట్లు వచ్చాయి, నాలుగూ. దీనితోపాటే పంపుతున్నాను. మే పన్నెండున మీ హాలు గేటు దగ్గరికే బస్సు వస్తుంది. మేనల్లుడికి సెలవు దొరక్కపోతే వాడు వెనకాలే వస్తాడు, వాడి పర్మిట్టు కండక్టరమ్మ దగ్గర ఉంచండి.

పిల్ల కదలనంటోందని రాశావు కాబట్టి దానికొక మందు కూడా పంపాను. పుస్తకం నమూనా కాపీ, దాని పేరు మీదే వేరే కవరులో వస్తుంది. డ్రైవరు కుందేలుకి కిటికీ వైపు చెయ్యి మాత్రం నల్లగా వేశాను, ఎండకి కమిలిన మనవాడి చెయ్యిలాగే. చివరి పేజీ చూడమను. అందరూ స్టాపులో నిలబడి ఉంటారు, మబ్బు పోతుంది, సూర్యుడు వస్తాడు, బస్సు తిరిగి వస్తుంది. ఇంతకన్నా బాగా నేనెప్పుడూ గీయలేదు. నువ్వు కూడా మెచ్చుకుంటావు, బయటికి అనవుగానీ.

ఎదురుచూస్తూ,
బావమరిది

ఏప్రిల్ 21

బావమరిదీ,

నాలుగు పర్మిట్లు అందాయి. మూడు చాలు.

జోకరొచ్చాడు. పిల్లలంతా ఆ మూల ఉన్నారు, కండక్టరమ్మ కూడా. అందుకే ఈ ముక్క రాయగలుగుతున్నాను. ఆ బంతులవాడి వల్ల నాకు జరిగిన ఉపకారం ఇదొక్కటే.

నీ మేనల్లుడు లేడు. మమ్మల్ని దింపిన మర్నాడే పోయాడు. వెనక్కి వెళ్తుంటే వంతెన మీద బస్సుని కొట్టారు. వాడి వెనక ఇంకో బస్సు తోలుకొస్తున్న డ్రైవరు కళ్లారా చూసి, ఇక్కడిదాకా వచ్చి నాతో చెప్పాడు. ఖాళీ బస్సు కావడం అదృష్టమన్నాడు. వాడి చెంప పగలగొట్టాలనిపించింది. మంచివాడే పాపం, ఏదో ఒకటి అనాలి కదా. ఆ రోజు ఎండ దంచేస్తోందట. ఆకాశంలో మబ్బుతునక లేదట. అంత పెద్ద పసుపుపచ్చ బస్సు పైనుంచి ఎంత దూరానికైనా కనిపించి ఉంటుంది. నీ నల్లమబ్బుని ఏం చేసుకుంటావో చేసుకో.

మీ అక్కకి ఆ రోజే చెప్పాను. పిల్లకి చెప్పలేదు. గేటు దగ్గరినుంచి వచ్చి "నాన్న లేటా?" అంది. "డబుల్ డ్యూటీ" అన్నాను. నోట్లోంచి అదే వచ్చేసింది, ఎన్నేళ్లుగానో అలవాటైన మాట. "సరే" అని కంచం మీద మూత పెట్టింది. ఆ మూత పెట్టాక ఇక నాకు నోరు రాలేదు. నీకు రాసేటప్పుడు పక్కన కూర్చుని చదువుతూనే ఉంది. ఆవిడ పక్కన లేని పూట కూడా రాయలేదు. రాస్తే నిజమైపోతుందని భయమేసింది. నాకు వాడొక్కడే కొడుకు.

మీ అక్క నాతో అన్న ఆఖరి మాట ఇది. "మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?" నేనే చెబుతానన్నాను. చెప్పలేదు. అందుకని మాట్లాడటం మానేసింది. నీ ఇంట్లో ఉండటం నామోషీ అని కాదు.

ఇప్పుడు నీ పుస్తకం. కండక్టరమ్మ తెరిచింది. కుందేలు చెయ్యి చూసి "నాన్న" అంది. వేలుపెట్టి ఒక్కొక్క అక్షరం చదువుకుంటూ చివరిదాకా వెళ్లింది. అప్పటినుంచీ ఆ చివరి పేజీ హాలంతా తిప్పి చూపిస్తోంది. "బొమ్మల తాత రాశాడు, బస్సు వస్తుంది" అని పక్కవాళ్లందరికీ చెప్పింది. ఇదివరకు సాయంత్రం ఒక్కపూటే గేటు దగ్గర నిలబడేది. ఇప్పుడు పొద్దున్నే సంచి సర్దుకుని వెళ్తోంది. సూర్యుడున్నప్పుడే వస్తుందట, పుస్తకంలో అలా ఉందట. నీ కుందేలు నా కొంప ముంచింది.

బస్సు పన్నెండున వస్తుంది. ఇది గేటు ఊచలు వదలదు. పిల్లలకు చెప్పడమే కదా నీ వృత్తి. ఎలా చెప్పాలో రాయి. కుందేళ్లు లేకుండా రాయి.

చప్పట్లు వినిపిస్తున్నాయి. ఆవిడ వచ్చేస్తుంది.

బావ

ఏప్రిల్ 30

బావా,

రెండు రోజులు నీకేమీ రాయలేకపోయాను. గోడ మీద ఒకచోట వాడి చిన్నప్పటి పాదం ఉండేది, నీలం రంగుది. కిందటేడు సున్నం వేయించినప్పుడు పోయింది. ఇప్పుడు ఆ గోడ దగ్గరే కూర్చుంటున్నాను. ఇంకా నయం, నువ్వు చూడటం లేదు.

ఇక విను. గురివింద గింజకి తన కింద నలుపు కనబడదట. రెండు ఉత్తరాల నిండా నన్ను ఉతికి ఆరేశావు. ఎవరూ చావని యుద్ధమా అన్నావు. నిజం చెప్పడం చేతకాకపోతే అంకెల పుస్తకం వేసుకోమన్నావు. అదే చేత్తో, ముందు వాడు డబుల్ డ్యూటీలో ఉన్నాడని, తర్వాత కార్డు రాసే తీరిక లేదని రాశావు. నా కుందేలు కన్నా నీ డబుల్ డ్యూటీ ఏం గొప్పది? నా పుస్తకాన్ని ఏ పిల్లయినా మూసి పక్కన పెట్టొచ్చు. నీ కథ మూయడానికి లేదు. ఆ కథలో పిల్ల గేటు దగ్గర నిలబడే ఉంది. పైగా దానికి చివరి పేజీ నా చేతే గీయించావు.

బస్సు రాదని తెలిసీ స్టాపులో జనాన్ని నిలబెట్టినవాణ్ణి క్షమించనన్నావు. గొడవ చేస్తారని చెప్పని మీ అధికారి వాడికి తమ్ముడన్నావు. ఇప్పుడు ఆ కంట్రోలరు ఎవరు బావా?

ఇది రాసి కొట్టెయ్యాలనుకున్నాను. కొట్టెయ్యడం లేదు.

ఎలా చెప్పాలో రాయమన్నావు. నాకు తెలీదు. నా పుస్తకాల్లో ఎవరూ చావలేదు, కాబట్టి నేనెప్పుడూ చెప్పాల్సిన అవసరం రాలేదు. ఎలా చెప్పకూడదో మాత్రం ఇన్నేళ్లుగా చేసి చేసి తెలుసు. నిద్రపోయాడనకు. నిద్రపోయినవాళ్లు లేస్తారు, అది రాత్రుళ్లు కూర్చుని చూస్తుంది. దూరం వెళ్లాడనకు. దూరం వెళ్లినవాళ్లు తిరిగొస్తారు. పైనుంచి మనల్ని చూస్తున్నాడనకు. ఆ పిల్లకి పైనుంచి వచ్చేదేమిటో తెలుసు. చచ్చిపోయాడు అను. ఆ మాటే అను. దాని భాషలో చెప్పు. నీ భాష కూడా అదే.

ప్రెస్సుకి ఫోన్ చేసి పుస్తకం ఆపమన్నాను. సంపాదకురాలు కోప్పడింది. చివరి పేజీలో ఏం గీయాలో నాకిప్పుడు తెలియడం లేదు.

మూడు పక్కలు వేసి ఉంచుతాను.

బావమరిది

మే 10

బావమరిదీ,

చెప్పాను.

మూడు రోజుల కిందట మధ్యాహ్నం గేటు దగ్గరికి వెళ్లాను. సంచి మీద కూర్చుని ఉంది, ఒళ్లో నీ పుస్తకం. పక్కన కూర్చున్నాను. జరిగింది, చోటిచ్చింది.

"కండక్టరమ్మా, ఆ బస్సు రాదు" అన్నాను.

"లేటా?"

"లేటు కాదు. రద్దు."

"బ్రేక్‌డౌనా?"

"కాలిపోయింది. బాంబు పడింది."

"నాన్న దిగాడా?"

"దిగలేదు. నాన్న అందులోనే ఉన్నాడు. చచ్చిపోయాడు."

రోడ్డు వైపు చూసింది. ఏడుస్తుందనుకుని చేతులు చాపి ఉంచాను. ఏడవలేదు.

"ఎప్పుడు?" అంది.

"మనల్ని దింపిన మర్నాడు."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆ రోజే."

"మరి నన్నెందుకు నిలబెట్టావు?"

ముప్ఫై ఏళ్లు డ్రైవరుగా ఎందరి చేతో ఎన్నో మాటలు పడ్డాను. ఎవరికీ జవాబు బాకీ లేను. దీనికి బాకీ పడ్డాను. అది నన్ను చూసిన చూపు నాకు బాగా తెలుసు. డిపోలో కంట్రోలర్ని రోజూ నేను చూసిన చూపే అది. ఇంత చిన్న మొహంలో అది ఎలా పట్టిందో.

లేచి, నన్ను దాటుకుని, పసుపు గీత దాకా నడిచి వెళ్లి మీ అక్క ఒళ్లో పడింది. అప్పుడు ఏడ్చింది. మీ అక్క కూడా అప్పుడే ఏడ్చింది, వాడు పోయాక మొదటిసారి. అన్నాళ్లూ ఆవిణ్ణి కూడా నేనే ఆపి ఉంచానన్నమాట. నేను గీతకి ఇవతలే నిలబడ్డాను. రమ్మని ఎవరూ అనలేదు.

మర్నాడు భోజనాల వరసలో అందరికీ టికెట్లిచ్చింది. నాకివ్వలేదు. టికెట్టు లేకుండా తిన్నాను. నా జీవితంలో అంత సిగ్గుపడి ఎప్పుడూ తినలేదు.

ఆ తర్వాత హాలంతా తిరిగింది. ఆ బస్సులో తమవాళ్లు వస్తారని చూస్తున్న కుటుంబాలు ఇంకా కొన్ని ఉన్నాయి. ఒక్కొక్క దుప్పటి గోడ దగ్గరా ఆగి, ఈల ఊది, "ఆ బస్సు రాదు, కాలిపోయింది, నాన్న చచ్చిపోయాడు, మీవాళ్లకి వేరే బస్సు చూసుకోండి" అని చెప్పింది. అధికారి ఆపబోయాడు. పిల్ల ఇలా మాట్లాడితే జనం బెదిరిపోతారన్నాడు. ఆయన్ని కూడా అదే చూపు చూసింది. జోకరు ఎర్ర బంతి ముక్కునుంచి తీసి జేబులో వేసుకుని, దాని పక్కన నేల మీద కూర్చున్నాడు. ఏమీ అడగలేదు, ఏమీ ఎగరెయ్యలేదు. అతన్ని తిట్టిన తిట్లలో ఒకటి వెనక్కి తీసుకుంటున్నాను. ఒకటే.

ఎల్లుండి బయల్దేరుతున్నాం. గేటు ఊచలు పట్టుకోదు, సంచి సర్ది ఉంది. ఇంజను పక్క సీటు తనకే కావాలంది. నేను వెనక కూర్చోవాలని మీ అక్కతో అంది. నాలుగో పర్మిట్టు చింపబోతే లాక్కుంది. వాడని టికెట్టు చింపకూడదట, వాపసు చెయ్యాలట. ఎవరికి వాపసు చేస్తుందో నాకు తెలీదు.

నువ్వు రాసిన ప్రతి ముక్కా నాకు తగిలింది. కొట్టెయ్యకుండా మంచిపని చేశావు. ఇంతకన్నా నా చేత పొగిడించుకోవాలని చూడకు.

కింది నాలుగు ముక్కలు ఆవిడ చెబుతోంది, నేను రాస్తున్నాను. మూడు రోజుల తర్వాత నాతో మాట్లాడుతున్నది ఇందుకోసమే, కాబట్టి ఒక్క అక్షరం మార్చడం లేదు.

బావ

బొమ్మల తాతా,

నీ పుస్తకంలో తప్పులున్నాయి. కుందేలు వద్దు, నాన్నని వెయ్యి. చెయ్యి నల్లగా వేశావు, అది కరెక్టు. ముందు పేజీల్లో మబ్బు తీసెయ్యి. చివరి పేజీలో బస్సు కూడా తీసెయ్యి. స్టాపు ఉంచు. అక్కడ నిలబడ్డవాళ్లకి ఎవరో వచ్చి చెబుతున్నట్టు వెయ్యి, తొందరగా చెబుతున్నట్టు.

సూర్యుణ్ణి మాత్రం తియ్యక్కర్లేదు. నాన్న చచ్చిపోయిన రోజు నేను గేటు దగ్గరే ఉన్నాను. ఎండ బాగానే ఉంది.